గోడకి కాళ్లు పెట్టుకో, నిద్ర సంగతి తర్వాత

చిన్నమ్మాయికి,

"రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ కూడా అయిపోయింది, మూడు రోజులు యోగా చేశాను, అయినా రాత్రి మూడింటికే మెలకువ వస్తోంది పెద్దమ్మా" అని నువ్వు ఫోన్లో అంటే నాకు నవ్వొచ్చింది. ఆ మూడింటి సంగతి నాకు తెలియనిదా! రెండేళ్లపాటు కావలి మీదుగా పోయే గూడ్సు బళ్లన్నీ లెక్కపెట్టినదాన్ని.

మందులు మానేసి యోగా చెయ్యమని నేను చెప్పను. క్యాన్సర్ తిరగబెట్టకుండా నీకిచ్చిన టామోక్సిఫెన్ మాత్రల వల్లే ఒంట్లో ఆవిర్లు, చెమటలు వచ్చి నిద్ర చెడుతూ ఉండొచ్చు. అయినా దాన్ని సొంతంగా ఆపొద్దు, డాక్టరుకి చెప్పు. పొడి నైటీ ఒకటి తలగడ పక్కనే పెట్టుకో. చెమటకి లేచి చీకట్లో బీరువా వెతికితే ఉన్న కాస్త మగతా పోతుంది.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. నాకూ రొమ్ము క్యాన్సర్ ఆపరేషనైన ఏడాదికి ఒక యోగా క్లాసులో చేరాను. ఆపరేషన్ సంగతి చెప్పడానికి సిగ్గేసి, అందరితోపాటు సూర్య నమస్కారాలు మొదలుపెట్టాను. బరువంతా చేతుల మీద మోపితే సాయంత్రానికి ఎడమ చెయ్యి బరువెక్కింది, గాజులు బిగిశాయి. చంకలో లింఫు గ్రంథులు తీసిన చెయ్యి అది, వాపు త్వరగా వస్తుంది. నేర్పేవాళ్లకి ముందే చెప్పు. ఆపరేషన్ అయిన వైపు చేతి మీద బరువు మోపే ఆసనాలు, గబగబా ఊపిరి బయటికి కొట్టే కపాలభాతి లాంటివి డాక్టరు సరేననేదాకా వద్దు.

రాత్రి పడుకునే ముందు నేను చేసేది చాలా తక్కువ. గోడ దగ్గర బొంత పరిచి, నడుం కింద దుప్పటి మడత పెట్టి, కాళ్లు గోడకి ఆనించి పది నిమిషాలు పడుకుంటాను. తర్వాత భ్రామరి, అంటే తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం, ఐదారుసార్లు. మీ పెదనాన్న "తుమ్మెద వచ్చిందా?" అని ఎగతాళి చేస్తారు, చెయ్యనీ. ఆఖరికి శవాసనం. ఊపిరి పీల్చేదానికన్నా కొంచెం ఎక్కువసేపు, నెమ్మదిగా వదులుతాను, అంతే. ఇదంతా చేస్తూ 'నిద్ర వస్తోందా' అని చూసుకోవద్దు. చూసుకున్న రోజు రాదు.

అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. క్యాన్సర్ చికిత్స అయిపోయాక నిద్ర సరిగా పట్టని 410 మంది, వాళ్లలో ముప్పావు వంతు మంది రొమ్ము క్యాన్సర్ వాళ్లే. నాలుగు వారాలు, వారానికి రెండుసార్లు, 75 నిమిషాల చొప్పున ప్రాణాయామం, తేలిక ఆసనాలు, ధ్యానం చేసినవాళ్లు మిగతావాళ్లకన్నా బాగా నిద్రపోయారు, నిద్రమాత్రల వాడకం కూడా తగ్గింది. చూశావా, నాలుగు వారాలు! నువ్వు మూడు రోజులకే "పని చెయ్యలేదు" అంటున్నావు.

మెలకువ వస్తే మంచం మీదే పొర్లకు. లేచి వరండాలో కూర్చో, ఫోను మాత్రం ముట్టుకోకు. క్యాన్సర్ తిరగబెడుతుందేమోనన్న భయం ఆ వేళప్పుడే వస్తుంది, నాకు తెలుసు. అప్పుడు ఆలోచనల జోలికి పోకుండా ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉండు. మధ్యాహ్నం కునుకు అరగంట మించకూడదు, నాలుగు దాటాక కాఫీ వద్దు. మన ప్రాంతంలో ఆ చివరిది కష్టమే.

ఆదివారం సాయంత్రం పినాకిని రైలెక్కి ఒంగోలు వస్తున్నాను. బీరువా అడ్డం లేని గోడ ఒకటి చూసి ఉంచు.

మీ పెద్దమ్మ