పొదుగువాపు స్టాఫ్‌లోకి ప్లాస్మిడ్ ఎక్కకపోతే

ఆవు పొదుగువాపు పాల నుంచి తీసిన స్టాఫిలోకాకస్ ఆరియస్‌లోకి ఎలక్ట్రోపొరేషన్‌తో (కరెంటు పల్స్ ఇచ్చి కణం పొరకు రంధ్రాలు చేసే పద్ధతి) ప్లాస్మిడ్ (చిన్న గుండ్రటి డీఎన్ఏ) ఎక్కిస్తే ఒక్క కాలనీ కూడా రావడం లేదన్నారు, ప్లాస్మిడ్‌ను డీహెచ్5 ఆల్ఫా అనే ల్యాబ్ ఈ.కోలై నుంచి తీశానన్నారు. నాకైతే చిక్కు అక్కడే కనిపిస్తోంది. ఆ ఈ.కోలై తన డీఎన్ఏలో కొన్ని సైటోసిన్‌లకు (డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటి) మిథైల్ గుర్తు తగిలిస్తుంది. స్టాఫ్‌లోని నాలుగో రకం రెస్ట్రిక్షన్ ఎంజైమ్ ఆ గుర్తున్న డీఎన్ఏను పరాయిదిగా పట్టుకుని ముక్కలు చేసేస్తుంది. అందుకే ఆ గుర్తు తగిలించే డీసీఎం జన్యువు పనిచేయని డీసీ10బీ అనే ఈ.కోలై రకం నుంచి ప్లాస్మిడ్ తీసి మళ్లీ ప్రయత్నించండి.

ఆర్ఎన్4220 అనే, పరాయి డీఎన్ఏను సులువుగా తీసుకునే ల్యాబ్ స్టాఫ్ మీదుగా పంపమని చాలామంది చెబుతారు. మంచి దారే, కానీ అది స్టాఫ్‌లో సీసీ8 అనే వంశానిది. పశువుల్లో తరచూ కనిపించే సీసీ97, సీసీ151 వంశాల మొదటి రకం రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లు వేరే డీఎన్ఏ వరుసల్ని గుర్తుపడతాయి, కాబట్టి అదొక్కటే సరిపోకపోవచ్చు. మీ ఐసొలేట్ (పాల నుంచి వేరుచేసిన స్టాఫ్) ఏ వంశానిదో ముందు తేల్చుకోండి, బోలెడు శ్రమ తప్పుతుంది.

పల్స్ ఇవ్వగానే టప్‌మని మెరుస్తోందంటే ఉప్పు మిగిలినట్టే. కణాలను చల్లటి సుక్రోజ్‌లో ఇంకోసారి కడగండి, ప్లాస్మిడ్‌ను బఫర్‌లో కాకుండా శుద్ధమైన నీటిలో కరిగించండి.

మరొకటి, సెలెక్షన్‌కు వాడే యాంటీబయాటిక్ ప్లేటు మీద ప్లాస్మిడ్ లేని ఐసొలేట్‌ను కూడా వేసి చూడండి. చికిత్స మందులకు ఇప్పటికే అలవాటుపడిన రకమైతే అదే పెరిగిపోతుంది. అందుకని కొత్త మార్కర్ (ప్లాస్మిడ్‌లో ఉండే, యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు) ఎంచుకుంటే మాత్రం బయోసేఫ్టీ కమిటీ అనుమతి వచ్చాకే మొదలుపెట్టండి.