వుషు పోటీల్లోకి అమ్మాయిని పంపవచ్చా? విజయనగరం జిల్లా నుంచి ఒక పాత ఆటగాడి సమాధానం

తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి రెండేళ్లుగా శ్రీకాకుళంలో చైనా యుద్ధవిద్య వుషు నేర్చుకుంటోందనీ, మాస్టారు పోటీలకు పంపమంటున్నారనీ, ఈ ఆటలో ఎంతకాలం నిలబడగలదో, చివరికి ఉద్యోగానికైనా అక్కరకొస్తుందో లేదో తెలియక వెనకాడుతున్నాననీ మీరు రాశారు. నాది నెల్లిమర్ల దగ్గరి పల్లెటూరు. పద్నాలుగో ఏట మొదలుపెట్టి, ఇరవై నాలుగో ఏట మోకాలు మొరాయించేదాకా ఈ ఆట ఆడాను. రాష్ట్ర స్థాయిలో కొన్ని పతకాలు వచ్చాయి, జాతీయ పోటీల్లో ఒక్కటీ రాలేదు. అందుచేత నా దగ్గర గెలుపు రహస్యాలేమీ లేవు. ఎక్కడెక్కడ బోల్తా పడతామో మాత్రం బాగా తెలుసు.

ముందు తేలవలసిన సంగతి ఒకటి మీ ప్రశ్నలో లేదు. మీ అమ్మాయి నేర్చుకుంటున్నది తౌలూనా, సాన్డానా? రెంటినీ వుషు అనే అంటారు గాని, ఆడేవాళ్లకు అవి వేరువేరు బతుకులు. తౌలూలో ఎదుట ప్రత్యర్థి ఉండరు. 14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న తివాచీ మీద వట్టి చేతులతోనో, కత్తి, కర్ర, ఈటె పట్టుకునో ఒక వరుసను ప్రదర్శిస్తే, న్యాయనిర్ణేతలు 10 మార్కులకు లెక్కగడతారు. కర్రసాము, కత్తిసాము చూస్తూ పెరిగిన మనవాళ్లకు అది చూడగానే నచ్చుతుంది. అయితే పెద్ద పోటీల్లో గాలిలోకి ఎగిరి ఒకటిన్నర చుట్టు, రెండు చుట్లు తిరిగి కాలు కదపకుండా దిగాలి. ఆ విద్యను సిమెంటు నేల మీదా, బడి మైదానంలోనూ నేర్పిస్తే మోకాళ్లు పదహారేళ్లకే అరిగిపోతాయి. సరైన తివాచీ, తౌలూ తెలిసిన గురువు దగ్గరలో లేకపోతే ఆ దారి పట్టవద్దనే నేను చెబుతాను. సాన్డా అంటే ముఖాముఖి పోరు. గుద్దు, తన్ను, పట్టి పడెయ్యడం మూడూ ఉంటాయి, మోచేతి దెబ్బలకూ మోకాలి దెబ్బలకూ అనుమతి లేదు. మన జిల్లాల్లో ఉన్న వసతులతో కాస్తయినా ముందుకు పోగలిగేది ఇందులోనే.

నేను ఆడిన రోజుల్లో రౌండుకు రెండు నిమిషాల చొప్పున మూడు రౌండ్లుండేవి. రెండు గెలిచినవారిదే పోరు. గుద్దుకు 1 పాయింటు, ఛాతీకో తలకో తగిలిన తన్నుకు 2, మనం నిలబడి ఉండగా ఎదుటివాణ్ణి పడేస్తే 2, వేదిక మీంచి కిందికి నెట్టినా 2. ఒకే రౌండులో రెండుసార్లు వేదిక మీంచి కింద పడితే ఆ రౌండు అంతటితో పోయినట్టే. ఈ చివరి నిబంధన నన్ను ఎలా ముంచిందో కాస్త వివరంగా చెప్పాలి.

మాకు మ్యాట్లు ఉండేవి కావు కాబట్టి పడెయ్యడాలన్నీ చంపావతి ఇసుకలో సాధన చేసేవాళ్లం. ఎంత గట్టిగా పడినా దెబ్బ తగలదు, పిక్కలు రాయిలా తయారవుతాయి, అంతవరకూ మంచిదే. ఇసుకలో కాలితో నలుచదరంగా గీత గీసుకుని దాన్నే బరి అనుకునేవాళ్లం. గీత దాటితే మాస్టారు ఒక కేక వేసేవారు, మేము నవ్వుకుంటూ మళ్లీ లోపలికి వచ్చేవాళ్లం. అసలు వేదికకు కూడా పొడవూ వెడల్పూ 8 మీటర్లేగాని, అది నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, చుట్టూ బాక్సింగులో మాదిరి తాళ్లు ఉండవు. మొదటి జాతీయ పోటీలో ఆ వేదిక ఎక్కేసరికి నిర్వాహకులిచ్చిన ఛాతీ కవచం నాకు ముందు ఆడిన కుర్రాడి చెమటతో తడిసి, చల్లగా ఒంటికి అతుక్కుంది. తొలి నిమిషంలో నాదే పైచేయి. ఆ తరువాత ఎదుటివాడు నన్ను కొట్టడం మానేసి, చిన్న చిన్న తన్నులతో వెనక్కి నడిపించాడు. అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాను. పాదం కింద ఏమీ లేదు. కింద పరిచిన మ్యాట్ల మీద పడ్డాను కాబట్టి దెబ్బ తగల్లేదు. అదే రౌండులో మరోసారి, అదే మూలలో, అదే విధంగా పడ్డాను. రెండో రౌండులో నా చూపు అతని మీద లేదు, అంచు మీదే ఉంది.

తిరిగి వచ్చాక మాస్టారు మమ్మల్ని రామమందిరం అరుగు ఎక్కించారు. అదీ సుమారు రెండున్నర అడుగుల ఎత్తే. గుద్దులు లేవు, తన్నులు లేవు. అంచుకు వీపు పెట్టి నిలబడి, మడమతో అంచును వెతుక్కుని, పక్కకు తిరిగి లోపలికి రావడం ఒక్కటే పని. సాయంత్రంపూట అరుగు మీద కూర్చునే పెద్దవాళ్లు ఆరు నెలలపాటు మమ్మల్ని ఓర్చుకున్నారు. ఆ తరువాత నేను ఓడిన పోటీలు చాలానే ఉన్నాయిగాని, వేదిక మీంచి పడి ఓడింది మాత్రం లేదు.

బరువు సంగతి దీనికన్నా ముఖ్యం. మామూలుగా 60 కిలోలుండే నేను 56 కిలోల విభాగంలో ఆడేవాణ్ణి. ఒకసారి రైల్లో అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం పక్కన పెట్టుకుని, రాత్రంతా నీళ్లు కూడా తాగకుండా కూర్చున్నాను. తెల్లవారి కాటా ఎక్కితే ఇంకా 200 గ్రాములు ఎక్కువ చూపించింది. రెండు స్వెట్టర్లు వేసుకుని గంటసేపు పరుగెత్తి ఎలాగో లెక్కలోకి వచ్చానుగాని, ఆ రోజు పోరులో కాళ్లు నావి కావు. ఎదిగే వయసులో ఉన్న అమ్మాయి చేత ఈ పని ఎవరు చేయించబోయినా ఒప్పుకోకండి. పొద్దున చోడంబలి, మధ్యాహ్నం కడుపునిండా అన్నం, పప్పు, గుడ్డు తిన్న తరువాత ఆమె ఎంత తూగితే అదే ఆమె విభాగం.

ఇక ఎంతకాలం, ఎంతదూరం అన్న ప్రశ్న. వుషు ఒలింపిక్స్ పతకాల పట్టికలో లేదు. ఆసియా క్రీడల్లో మాత్రం 1990 నుంచి ఉంది. మన దేశానికి అక్కడ వచ్చిన పతకాలన్నీ సాన్డా నుంచే వచ్చాయి. మణిపూర్‌కు చెందిన సంధ్యారాణి దేవి 2010లో గ్వాంగ్‌ఝౌలో రజతం గెలిచింది. అదే రాష్ట్రానికి చెందిన రోషిబినా దేవి 2018లో జకార్తాలో కాంస్యం, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ క్రీడల్లో రజతం గెలిచి, అర్జున పురస్కారం కూడా అందుకుంది. ప్రపంచ పోటీల్లో మనకు మొదటి స్వర్ణం తెచ్చింది కూడా ఆడపిల్లే: 2017లో కజాన్‌లో, 75 కిలోల విభాగంలో, హర్యానాకు చెందిన పూజా కాదియాన్. మన వైపు అలాంటి పరంపర ఇంకా ఏర్పడలేదు. ఆమదాలవలస పక్కనుంచి కరణం మల్లీశ్వరి, కొండవెలగాడ నుంచి మత్స సంతోషి వచ్చారు కనుక వెయిట్‌లిఫ్టింగ్ అంటే మన ఊళ్లలో తలుపులు తెరుచుకుంటాయి. వుషు అంటే ఇప్పటికీ "కరాటేయా?" అంటారు.

ఉద్యోగం విషయంలో పతకం కన్నా కాగితమే ఎక్కువ ఏడిపిస్తుంది. నా తొలి జాతీయ ధ్రువపత్రం ఒక గుర్తింపు లేని సంఘం జరిపిన పోటీది. రంగురంగుల ముద్రలున్నాయి, ప్రవేశ రుసుము కూడా దండిగానే తీసుకున్నారు, నియామకాల పరిశీలనలో దాన్ని చూసిన గుమాస్తా మాత్రం రెండో మాట లేకుండా పక్కన పెట్టేశాడు. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాలో అంతర్జాతీయ పోటీలకు ఫారం 1, రాష్ట్రం తరఫున ఆడిన జాతీయ పోటీలకు ఫారం 2, విశ్వవిద్యాలయాల మధ్య పోటీలకు ఫారం 3, పాఠశాలల జాతీయ క్రీడలకు ఫారం 4 అడుగుతారు. కాబట్టి డబ్బు కట్టే ముందే, ఈ పోటీ వీటిలో దేని కిందికి వస్తుందో మాస్టారిని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ ప్రయాణ ఖర్చు మిగుల్చుకోండి. కేంద్ర బలగాలూ పోలీసు శాఖలూ సాన్డా ఆడేవారిని తీసుకున్న సందర్భాలున్నాయి. నేను మాత్రం ఈనాడు ప్రభుత్వ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఆ ఉద్యోగం వుషు వల్ల కాదు, బి.పి.ఎడ్. వల్ల వచ్చింది, బి.పి.ఎడ్. చదవాలన్న ఆలోచన మాత్రం వుషు వల్లే వచ్చింది.

నన్ను అడిగితే పంపండి. చదువు ఆపకుండా, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా, ఏటా ఒకటో రెండో గుర్తింపు ఉన్న పోటీలకు. అప్పటికి జాతీయ స్థాయిలో మొదటి రెండు పోరులు దాటగలుగుతోందంటే ఆట మీద మరికొన్నేళ్లు పెట్టవచ్చు. ఈలోగా కొనవలసిన సామాను పెద్దగా ఏమీ లేదు. చేతి తొడుగులూ తల కవచమూ సాధారణంగా పోటీలో వాళ్లే ఇస్తారు, పళ్లకు పెట్టుకునే గమ్ షీల్డు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మంచిది ఒకటి కొని, వేడినీళ్లలో మెత్తబరిచి, ఆమె పళ్లకు ఆమే కరిచి అమర్చుకునేలా చూడండి. మాలాగా ఒకే షీల్డును ముగ్గురు కడుక్కుని వాడుకోనివ్వకండి.