వినాళ గ్రంథుల స్లైడ్లను దేన్ని బట్టి గుర్తుపట్టాలి?

మీరు ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో ఉన్నారనీ, హిస్టాలజీ (కణజాలాలను మైక్రోస్కోప్‌లో చూసి చదివే శాస్త్రం) ప్రాక్టికల్స్‌లో థైరాయిడ్, పారాథైరాయిడ్, అడ్రినల్, పిట్యూటరీ స్లైడ్లన్నీ ఒకే రకం గులాబీ, ఊదా మచ్చల్లా కనిపిస్తున్నాయనీ, హార్మోన్ల పేర్లు ఎంత బట్టీపట్టినా నిలవడం లేదనీ రాశారు. విద్యార్థిగా నేను చేసిన ఒక తప్పుతోనూ, ఆ తర్వాత అనాటమీ ట్యూటర్‌గా పనిచేసిన అనుభవంతోనూ దీనికి సమాధానం చెబుతాను.

మా స్పాటర్ల పరీక్షలో, అంటే వరుసగా పెట్టిన స్లైడ్లను చూసి పేర్లు రాసే పరీక్షలో, ఒక స్లైడ్‌లో గుండ్రటి అరలు, వాటి నిండా గులాబీ రంగు పదార్థం కనబడగానే థైరాయిడ్ అని రాసేసి తర్వాతి మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్లిపోయాను. అది పాలిచ్చే దశలో ఉన్న స్తన గ్రంథి. ఆ సాయంత్రం అదే స్లైడ్‌ను అడిగి తీసుకుని, తక్కువ మాగ్నిఫికేషన్‌లో నెమ్మదిగా జరుపుతూ చూస్తే, అరల గుంపుల మధ్యనున్న పీచు పట్టీల్లో పాలను మోసుకెళ్లే నాళాలు స్పష్టంగా కనిపించాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు వినాళ గ్రంథి అన్న మాట బాగా తెలుసు. నాళం లేని గ్రంథి అని ఆ మాటే చెబుతున్నా, స్లైడ్‌లో నాళం ఉందో లేదో వెతకాలని మాత్రం అంతవరకూ తోచలేదు.

నాళం లేనప్పుడు హార్మోన్ నేరుగా రక్తంలోకే చేరాలి కాబట్టి, ఈ గ్రంథులన్నిటిలోనూ కణాలను ఆనుకుని సన్నని రక్తకేశనాళికలు ఉంటాయి. తేడా అంతా రక్తంలోకి వెళ్లేదాకా హార్మోన్ ఎక్కడ ఉంటుందన్న దగ్గరే వస్తుంది. ప్రతి స్లైడ్‌నూ ఈ ప్రశ్నతో చూడండి.

థైరాయిడ్ కణాలు తమ సరుకును కణం లోపల కాక బయట దాస్తాయి. ఒకే వరుస కణాల గోడ మధ్య నిండి ఉండే కొల్లాయిడ్ అనే గులాబీ రంగు పదార్థంలో ప్రధానంగా ఉండేది థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రోటీన్. దానికే అయోడిన్ అతుక్కుని, రెండు మూడు నెలలకు సరిపడా హార్మోన్ నిల్వ ఉంటుంది. పిట్యూటరీ నుంచి థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్ టీఎస్‌హెచ్ వచ్చినప్పుడు కణాలు కొల్లాయిడ్‌ను తిరిగి లోపలికి మింగి, ముక్కలు చేసి, నాలుగు అయోడిన్‌లున్న టీ4ను, మూడున్న టీ3ను రక్తంలోకి వదులుతాయి. అందుకే చురుగ్గా పనిచేస్తున్న థైరాయిడ్‌లో కణాలు పొడవుగా, కొల్లాయిడ్ తక్కువగా, దాని అంచులు ఎలుక కొరికినట్టుగా ఉంటాయి. విశ్రాంతిలో ఉన్నదానిలో కణాలు చదునుబడి, కొల్లాయిడ్ నిండుగా ఉంటుంది. స్లైడ్ తయారీలో కొల్లాయిడ్ కుంచించుకుని గోడకు దూరం జరగడం కూడా మామూలే కాబట్టి, అంచులను మాత్రమే చూడకుండా కణాల ఎత్తును కూడా చూసి నిర్ణయించుకోవాలి. గోడలోనే, కొల్లాయిడ్‌ను తాకకుండా ఒదిగి ఉండే పాలిపోయిన కణాలు కాల్సిటోనిన్ అనే హార్మోన్‌ను తయారుచేసే సీ కణాలు.

పారాథైరాయిడ్‌లో అలాంటి అరలు ఉండవు. చిన్న చిన్న చీఫ్ కణాలు ఒత్తుగా ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ వాటి మధ్య కొవ్వు కణాలు చేరతాయి. రక్తంలో కాల్షియం తగ్గగానే ఈ చీఫ్ కణాలు పారాథైరాయిడ్ హార్మోన్‌ను వదులుతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన స్లైడ్ అడ్రినల్. దాని బయటి భాగమైన కార్టెక్స్ తయారైన హార్మోన్‌ను నిల్వ ఉంచుకోదు. ముడిసరుకైన కొలెస్ట్రాల్‌ను కొవ్వు బిందువులుగా ఉంచుకుని, అవసరం వచ్చినప్పుడు హార్మోన్‌గా మారుస్తుంది. స్లైడ్ తయారుచేసేటప్పుడు ఆల్కహాల్, జైలీన్ ఆ కొవ్వును కరిగించేస్తాయి. అందువల్ల మధ్య పొరైన ఫాసిక్యులేటా కణాలు నురుగులా, ఖాళీ ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీలను చూసి ఇక్కడ స్టెరాయిడ్ తయారవుతోందని గుర్తించవచ్చు. పై పొర గ్లోమెరులోసా ఆల్డోస్టిరోన్‌ను, ఫాసిక్యులేటా ముఖ్యంగా కార్టిసాల్‌ను, లోపలి రెటిక్యులారిస్ ఆండ్రోజెన్‌లను ఇస్తాయి. గ్రంథి మధ్య భాగమైన మెడుల్లా ఇందుకు పూర్తిగా భిన్నం: అడ్రినలిన్, నార్అడ్రినలిన్ కణం లోపలే రేణువుల్లో నిల్వ ఉంటాయి, డైక్రోమేట్ అనే రసాయనం తగిలితే ఆ కణాలు గోధుమ రంగుకు మారతాయి. కార్టెక్స్ నుంచి మెడుల్లా గుండా ప్రవహించే రక్తంలో కార్టిసాల్ ఎక్కువగా ఉండి, నార్అడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మార్చే ఎంజైమ్‌ను పెంచుతుంది. ఈ సంగతి తెలిశాక, ఆ రెండు భాగాలు ఒకదానిలో ఒకటి ఉండటం నాకు వింతగా అనిపించలేదు.

పిట్యూటరీ ముందు భాగంలో హార్మోన్లు కణాల్లోని రేణువుల్లోనే ఉంటాయి. ఎర్రగా కనిపించే అసిడోఫిల్‌లలో గ్రోత్ హార్మోన్, ప్రోలాక్టిన్; ఊదాగా కనిపించే బేసోఫిల్‌లలో టీఎస్‌హెచ్, అండాశయాలనూ వృషణాలనూ ప్రేరేపించే ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, అడ్రినల్ కార్టెక్స్‌ను ప్రేరేపించే ఏసీటీహెచ్ ఉంటాయి. వెనక భాగం మాత్రం నాడీ కణజాలంలా పాలిపోయి ఉంటుంది, ఎందుకంటే ఆక్సిటోసిన్, ఏడీహెచ్ (మూత్రం పరిమాణాన్ని తగ్గించే హార్మోన్) మెదడులోని హైపోథాలమస్‌లో తయారై నాడీతంతువుల గుండా దిగివచ్చి, వాటి చివర్లలో నిల్వ ఉంటాయి.

రికార్డులో బొమ్మ గీసేటప్పుడు ప్రతి కణం పక్కనా హార్మోన్ పేరుతోపాటు అది నిల్వ ఉండే చోటు కూడా రాయండి. పరీక్షకు ముందు ఒకసారి థైరాయిడ్‌నూ, పాలిచ్చే దశలోని స్తన గ్రంథినీ పక్కపక్క మైక్రోస్కోప్‌లలో పెట్టించుకుని, రెండింటిలోనూ నాళం కోసం వెతకండి.