ఎండకు నల్లబడిన స్క్రీన్

ప్రశ్న: కారు డాష్‌బోర్డు మీద మరిచిపోయిన ఫోన్ స్క్రీన్ ఎండకు నల్లబడింది. రిపేరు షాపులో ఫోన్ లాక్ పిన్ అడిగితే చెప్పాను. కాసేపటికి అదే బాగైంది. పాలిమర్ డిస్‌ప్లే ఫోన్ కొంటే ఈ బాధ ఉండదని షాపువాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు ఆ పిన్ మార్చండి. వేసవి వస్తే చాలు, ఇలాంటి ఉత్తరాలే వస్తుంటాయి. స్క్రీన్ నల్లబడినా ఫోన్ ఆగిపోదు, ఓటీపీలు వస్తూనే ఉంటాయి. సిమ్, పిన్ రెండూ ఇంకొకరి చేతిలో పెడితే మీ ఖాతాల పాస్‌వర్డ్లు మార్చడం వాళ్లకు ఎంతసేపు? టచ్ చూడటానికి పిన్ ఎందుకు? లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ కాల్ అంకెలు నొక్కి చూస్తే సరిపోతుంది, కాల్ చేయనక్కర్లేదు.

ఇక స్క్రీన్ సంగతి. ఎల్‌సీడీలో ఉండేది పొడుగాటి పుల్లల్లాంటి అణువుల ద్రవం. వేడి హద్దు దాటితే వాటి వరస చెదిరిపోతుంది, చల్లారితే తిరిగొస్తుంది. ఆ హద్దును తేల్చేది అణువు ఆకారం. ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో జార్జ్ గ్రే బృందం 1973లో ప్రకటించిన 5సీబీ అనే ఇలాంటి అణువుకు రెండు బెంజీన్ వలయాలు, ఒక చివర సయనో గ్రూపు (కార్బన్, నైట్రోజన్ జంట), రెండో చివర ఐదు కార్బన్ల తోక. అది ఒక్కటే అయితే దాదాపు 24 నుంచి 35 డిగ్రీల దాకానే వరసలో ఉంటుంది. అందుకే డిస్‌ప్లేల్లో రకరకాల అణువులు కలుపుతారు.

ఇప్పుడు పాలిమర్ మాట. పాలిమర్ అంటే చిన్న యూనిట్లు గొలుసులా అతుక్కున్న పెద్ద అణువు. వెలుగునిచ్చే కాంజుగేటెడ్ పాలిమర్ల గొలుసుల్లో సింగిల్, డబుల్ బంధాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అందుకే అవి బిరుసు. పక్క తోకలు లేకపోతే కరిగేలోపే పాడైపోతాయి. అలాంటి ఒక పాలిమర్, పాలీఫ్లోరీన్‌లో యూనిట్‌కు రెండు చొప్పున ఎనిమిది కార్బన్ల తోకలు తగిలిస్తే, సుమారు 160 డిగ్రీలు దాటాక కరిగి పారుతుంది, అయినా గొలుసులు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఒకే దిశలో రుద్దిన పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ పొర మీద అలా పేర్చి గబుక్కున చల్లారిస్తే వరస అలాగే గట్టిపడుతుంది, దాన్నుంచి వచ్చే వెలుగు కూడా ఎక్కువగా ఆ దిశలోనే పోలరైజ్ అవుతుంది, అంటే ఆ దిశలోనే ఊగుతుంది. గొలుసులో వంకర లింకులు ఎక్కువైతే ఇదంతా పోతుంది.

మరి షాపువాళ్ల పాలిమర్ ఇదేనా? కాదు. చాలాసార్లు అది డిస్‌ప్లే కింద పరిచే ప్లాస్టిక్ పొర. ఫోన్ ఓఎల్ఈడీల్లో (తమంతట తామే వెలిగే డిస్‌ప్లేల్లో) వెలిగేవి ఎక్కువగా చిన్న అణువులే. అవి ఎల్‌సీడీలా నల్లబడవు గానీ వేడికి ఆయుష్షు తగ్గుతుంది, బ్యాటరీకీ అంతే. నా కోపమంతా తయారీదారుల మీద: 35 డిగ్రీలు దాటితే వాడొద్దని చాలా మాన్యువళ్లలో ఓ మూలన రాసి, మే నెలలో నీడలోనే 40 దాటే ఊళ్లలో ఆ ఫోన్లే అమ్ముతారు.