ఎన్నారై సందేహాలు: పాత పికప్‌కు ఏ టైర్లు, ఏ రిమ్ములు?

గుంటూరు బ్రాడీపేట నుంచి డల్లాస్ వచ్చి ఉద్యోగంలో కుదురుకుంటున్న ఒక యువకుడు పంపిన ప్రశ్న ఇది. ఆయన 2003 నాటి షెవ్రొలే సిల్వరాడో 1500 పికప్ కొన్నారు. పాత యజమాని దానికి 20 అంగుళాల మెరుపు రిమ్ములు, 275/55ఆర్20 టైర్లు వేయించుకున్నాడు. వాటి గ్రిప్పు ఇప్పుడు దాదాపు గుండైపోయింది. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద మాత్రం పి245/75ఆర్16 అని ఉంది. "ఉన్న సైజే మళ్ళీ వేయించాలా, స్టిక్కరు మీది సైజు వేయించాలా? వెడల్పు టైరు వేస్తే బండి నిలకడగా ఉంటుందని విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారికి తెలిసిన మేస్త్రిగారు అంటున్నారు, నిజమేనా?" అని అడిగారు.

నేను పుట్టి పెరిగింది ఆ ఆటోనగర్ పక్కనున్న పటమటలోనే. ప్రస్తుతం సెలవుల్లో అక్కడే ఉండి ఈ జవాబు రాస్తున్నాను. ఆటోనగర్ మేస్త్రీల చేతి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. లారీ గతుకులో పడినప్పుడు వచ్చే చప్పుడును బట్టి కమాను కట్టలో ఏ పట్టీ విరిగిందో చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఉన్నారు. అయితే ఆ మేస్త్రిగారు మీ బండిని చూడలేదు, దాని స్టిక్కరు చదవలేదు. పాత బండి విషయంలో మొదటి మాట స్టిక్కరుదే. అంతకు ముందు ఎవరో బిగించి పెట్టిన టైరును చూసి అదే దాని అసలు సైజు అనుకోవడం, కొత్తగా వచ్చిన మన పిల్లల్లో నేను తరచుగా చూస్తున్న పొరపాటు. ఇరవై ఏళ్ళు దాటిన పికప్ ఎన్ని చేతులు మారిందో, ఎవరి ముచ్చటకు ఏం మార్చారో బయటికి కనబడదు.

ముందుగా ఆ అంకెల సంగతి చూద్దాం. 245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె. ఆర్ అంటే రేడియల్, 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. ఈ నాలుగూ తెలిస్తే టైరు మొత్తం ఎత్తు కాగితం మీదే లెక్క వేసుకోవచ్చు. 245లో 75 శాతం 183.75. పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి రెట్టింపు చేసి, రిమ్ము వ్యాసమైన 406.4 కలిపితే 773.9 మిల్లీమీటర్లు వస్తుంది. ఇప్పుడు మీ బండికి ఉన్న 275/55ఆర్20 సైజును ఇదే పద్ధతిలో లెక్కిస్తే 810.5 వస్తుంది. అంటే అసలు టైరు కంటే 4.7 శాతం పెద్దది. స్పీడోమీటరును ఎవరూ సరిచేయించి ఉండకపోతే, ముల్లు 60 మైళ్ళు చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 63కు దగ్గరగా వెళుతున్నారు, 70 చూపిస్తున్నప్పుడు 73 దాటుతున్నారు. పోలీసు ఆపినప్పుడు మీటరు తప్పు చూపించిందని చెప్పుకోవడం వల్ల లాభం ఉండదు. పైగా ఓడోమీటరు తిరిగిన దూరాన్ని తక్కువగా లెక్కిస్తుంది కాబట్టి, ఆయిల్ మార్చవలసిన మైళ్ళు కూడా తప్పుతాయి.

ఇంతకంటే ముఖ్యమైనది బరువు, దాన్ని చాలామంది అసలు చూడరు. సైజు తరువాత 109ఎస్ లాంటి ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అక్షరం వేగ పరిమితి, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు. అంకె ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు, 109 అంటే 1,030 కిలోలు. అయితే ముందు పి అక్షరం ఉన్న టైరు ప్రధానంగా కార్ల కోసం తయారైనది కాబట్టి, దాన్ని పికప్‌కు వేసినప్పుడు ఆ బరువును 1.1తో భాగించి తీసుకోవాలని అమెరికా భద్రతా నిబంధన చెబుతుంది. అప్పుడు ఒక్కో టైరుకు 936 కిలోలు, వెనుక రెండింటికీ కలిపి 1,870కి పైగా లెక్కకు వస్తుంది. మీరు పంపిన స్టిక్కరు ఫోటోలో వెనుక యాక్సిల్ (ఇరుసు) మోయగల పరిమితి 3,750 పౌండ్లు, అంటే సుమారు 1,700 కిలోలు అని ఉంది. కంపెనీ ఇచ్చిన టైరు ఆ బరువును మోస్తూ ఇంకా కొంత మిగులు ఉంచుకుంటుందన్నమాట. మీరు ఏ సైజుకు వెళ్ళినా సరే, ఈ అంకె 109 కంటే తగ్గకూడదు. మిర్చి యార్డు దారిలో బస్తా మీద బస్తా ఎక్కించుకొని కుంగిపోయిన లారీలను చూసి పెరిగిన మనకు, బరువు సంగతి కాగితం మీద చూసుకోవడం అతి జాగ్రత్తలా అనిపించవచ్చు. కానీ టెక్సాస్ వేసవి రోడ్డు మీద 70 మైళ్ళ వేగంతో గంటల తరబడి పరుగెత్తే టైరు, బరువు ఎక్కువైనా గాలి తక్కువైనా లోలోపల వేడెక్కి, పై పొర ఊడి వస్తుంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది ఈ పొర ఊడే ప్రమాదాల వల్లనే. ఆ వివాదం తరువాతే అమెరికా కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది, గాలి తగ్గితే హెచ్చరించే దీపం కొత్త బండ్లలో తప్పనిసరి కావడానికి మూలం అదే. 2003 నాటి మీ బండికి ఆ దీపం ఉండదు కాబట్టి, చిన్న గేజి ఒకటి కొని నెలకు ఒకసారి తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడు మీరే గాలి చూసుకోవాలి.

ట్రెయిలర్ లాగేవాళ్ళు, వెనుక తొట్టిలో తరచుగా బరువులు వేసేవాళ్ళు ఎల్‌టి (లైట్ ట్రక్, అంటే బరువు మోసే బండ్ల కోసం తయారైనవి) అక్షరాలున్న టైర్లు తీసుకుంటారు, అది సబబైన ఎంపికే. అయితే అందులో ఒక మెలిక ఉంది, దాన్ని షాపులో అందరూ విడమరచి చెప్పరు. ఎల్‌టి245/75ఆర్16 ఇ-రేంజి (ఎక్కువ బరువు మోసే తరగతి) టైరు 3,042 పౌండ్లు మోస్తుందని పక్కన రాసి ఉంటుంది. ఆ బరువు 80 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) గాలి ఉన్నప్పటి మాట. మీ పాత స్టిక్కరు ప్రకారం 35 పి.ఎస్.ఐ. కొట్టిస్తే అదే టైరు దాదాపు 1,700 పౌండ్లకు దిగిపోతుంది. అదే గాలితో పి-టైరు, 1.1తో భాగించాక కూడా, 2,060 పౌండ్లు మోస్తుంది. అంటే బలమైన టైరు కొని, గాలి పాత లెక్కలో ఉంచితే, బలహీనమైన టైరు కంటే తక్కువ మోస్తున్నారన్నమాట. ఎల్‌టి వేయిస్తే ఆ టైరు కంపెనీ ఇచ్చే గాలి-బరువు పట్టిక అడిగి, మీ యాక్సిల్ బరువుకు ఎంత గాలి కావాలో చూసుకోండి. మామూలు రబ్బరు వాల్వు 65 పి.ఎస్.ఐ. వరకే పనికి వస్తుంది కాబట్టి, అంతకు మించి గాలి కొట్టేవాళ్ళు ఎక్కువ ఒత్తిడికి తగిన వాల్వులు వేయించుకోవాలి. ఆఫీసుకు వెళ్ళి రావడానికి, ఇల్లు మారినప్పుడు నాలుగు సామాన్లు వేసుకోవడానికి వాడేవాళ్ళకు పి-టైరే హాయి. ఎల్‌టి టైరు గట్టిగా ఉండి గతుకులన్నీ నడుముకు అందిస్తుంది.

ఇక వెడల్పు సంగతి. కొంచెం వెడల్పు పెరిగితే పొడి రోడ్డు మీద పట్టు పెరిగే మాట నిజమే. మీ మోడల్‌లోనే కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు కంపెనీ 265/75ఆర్16 ఇచ్చింది. కానీ అంతకు మించి పోతే, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి మడ్‌గార్డుకో ఆర్ముకో రాసుకుంటుంది. రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు వెడల్పు టైరు కింద నీరు త్వరగా పక్కలకు తప్పుకోదు, బండి నీటి మీద తేలి జారుతుంది. రిమ్ము వెడల్పుకు తగని టైరును ఇరికిస్తే దాని నడుము ఉబ్బి, మధ్యలోనే అరుగుతుంది.

రిమ్ముల విషయంలో నాకున్న భయం ఇంకా ఎక్కువ. బోల్టుల రంధ్రాలు కలిసినంత మాత్రాన ఆ రిమ్ము మీ బండిది కాదు. మీ సిల్వరాడోకు ఆరు బోల్టులు, వాటి వలయం వ్యాసం 139.7 మిల్లీమీటర్లు. టొయోటా టకోమాలో చాలావాటికీ అదే కొలత ఉంది కాబట్టి ఆ రిమ్ము మీ బండికి ఎక్కుతుంది. అయితే మీ హబ్బు, అంటే రిమ్ము నడిమి రంధ్రం కూర్చునే ఇరుసు చివరి గుండ్రటి భాగం, 78.1 మిల్లీమీటర్లు, టొయోటా రిమ్ము నడిమి రంధ్రం 106.1 మిల్లీమీటర్లు. మధ్యలో అంత ఖాళీ ఉంటే చక్రం హబ్బు మీద కూర్చోక, కేవలం నట్ల మీద వేలాడుతుంది, వేగంలో స్టీరింగు వణుకుతుంది. ఫోర్డ్ ఎఫ్-150లో అయితే ఒకే పేరున్న బండికి కాలాన్ని బట్టి కొలతలు మారాయి. 1997 నుంచి 2003 వరకు ఐదు బోల్టులు, 135 మిల్లీమీటర్లు. 2004 నుంచి ఆరు బోల్టులు, అదే 135. పేరు ఒకటే కదా అని పాత ఇనుము షాపులో రిమ్ములు కొంటే డబ్బు వృథా అవుతుంది. రిమ్ములో హబ్బుకు ఆనే మొహం రిమ్ము వెడల్పు నడిమి గీతకు ఎంత లోపలికి, ఎంత బయటికి ఉందో చెప్పే ఆఫ్‌సెట్ అనే కొలత కూడా కలవాలి. చక్రాలు బయటికి తోసుకొని వచ్చినట్టు ఉంటే చూడడానికి రుబాబుగా కనిపిస్తుందేమో గాని, హబ్బు బేరింగుల మీద, ముందు చక్రాలను పట్టి ఉంచి తిరగనిచ్చే బాల్ జాయింట్ల మీద భారం పెరిగి అవి ముందే పోతాయి.

మరీ పాత బండ్లు, అంటే 1970లు, 80ల నాటి ముప్పావు టన్ను పికప్‌లు కొనేవాళ్ళకు ఒక గట్టి హెచ్చరిక చెప్పాలి. వాటిలో కొన్నింటికి 16.5 అంగుళాల రిమ్ములు ఉంటాయి. 16 అంగుళాల టైరు దాని మీదకు ఎక్కినట్టే కనిపిస్తుంది. కానీ ఆ రిమ్ము అంచు వాలు వేరు. గాలి కొడుతున్నప్పుడు టైరు అంచు తీగ తెగి పేలిపోతుంది. అలా పేలి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. రిమ్ము మీద ముద్రించిన అంకె చదవకుండా ఎవరినీ గాలి కొట్టనివ్వకండి.

కొన్ని నెలలు గడపడానికని వాడిన టైర్లు కొనాలనుకునేవాళ్ళు, గ్రిప్పు లోతుతో పాటు తయారీ తేదీ కూడా చూడాలి. టైరు పక్క మీద డి.ఓ.టి. అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తేదీ. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. మూడే అంకెలు కనిపిస్తే అది 2000కు ముందు తయారైన టైరు, దాన్ని బేరం కూడా చేయవద్దు. పూర్తి వరుస ఒక వైపే ఉంటుంది. కొన్నిసార్లు అది లోపలి వైపుకు వచ్చేలా బిగిస్తారు కాబట్టి, ఫోను లైటు వేసుకొని బండి కిందికి వంగి చూడవలసి వస్తుంది. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళకే మార్చమంటాయి, టైరు కంపెనీలు పదేళ్ళు గరిష్ఠమంటాయి. గ్రిప్పు నిండుగా ఉన్నా, టెక్సాస్ ఎండకు రబ్బరు ఎండి పక్కన సన్నని పగుళ్ళు వేస్తుంది. టెక్సాస్‌లో సొంత బండ్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. అంతకు ముందు కనీసం ఏడాదికి ఒకసారి ఒక మనిషి టైరు వంక చూసేవాడు, ఇప్పుడు ఆ బాధ్యత పూర్తిగా మీదే. పెన్నీ నాణెం మీద లింకన్ తలను కిందికి ఉంచి గ్రిప్పు గాడిలో దూర్చినప్పుడు తల మొత్తం కనిపిస్తే, లోతు అంగుళంలో 32వ వంతులు రెండుకు దిగిపోయిందని, ఇక ఆ టైరు మార్చవలసిందేనని అర్థం.

మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, మీ స్థానంలో నేనుంటే స్టిక్కరు మీద ఉన్న 16 అంగుళాలకే తిరిగి వెళతాను. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన పాత రిమ్ములు సులువుగానే దొరుకుతాయి. 20 అంగుళాల వాటి కంటే 16 అంగుళాల టైర్లు సాధారణంగా చవక. చక్రం తేలిక కాబట్టి పాత బ్రేకులకు శ్రమ తగ్గుతుంది. ఇప్పుడున్న 20 అంగుళాల రిమ్ములే ఉంచుకోవాలనిపిస్తే, చక్రం విప్పించి వెనుక ముద్రించిన వెడల్పు, ఆఫ్‌సెట్, మోయగల బరువు చదివించండి. అవన్నీ సరిపోయి, టైరు బరువు సంఖ్య 109 లేక అంతకంటే ఎక్కువ ఉంటే, స్పీడోమీటరు సరిచేయించుకొని వాడుకోవచ్చు. ఏది చేసినా నాలుగూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి. మీది ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు రెండు, వెనుక రెండు వేర్వేరు ఎత్తులో ఉండడం గేరుబాక్సు పక్కనుండి ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసును పాడుచేస్తుంది.

కొత్త టైర్లు వేయించే ముందే ముందు చక్రాల బాల్ జాయింట్లు, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు చూపించండి. అవి వదులుగా ఉంటే ఎంత మంచి టైరైనా ఒక అంచు త్వరగా తినేస్తుంది. అలైన్‌మెంట్ ఆ తరువాత. చక్రం ఎక్కించే ముందు హబ్బు మీది తుప్పును తీగ బ్రష్షుతో గీకమని చెప్పండి. నట్లు గన్నుతో బిగించి వదిలేయకుండా టార్క్ రెంచితో చివరి బిగింపు చేయమని అడగండి. మీ సిల్వరాడోకు అది 140 ఫుట్-పౌండ్లు. అల్లాయ్ రిమ్ములైతే యాభై, వంద మైళ్ళు తిరిగాక మళ్ళీ ఒకసారి సరిచూపించాలి. టైర్ల నంబర్లు నమోదు చేసే కాగితం షాపువాళ్ళ దగ్గర అడిగి నింపి పంపండి. ఆ బ్యాచిని కంపెనీ వెనక్కి పిలిస్తే మీకు కబురు అందేది దాని ద్వారానే. తొట్టి కింద ఇనుప తాడుకు వేలాడే స్టెప్నీని కూడా ఆ రోజే దించించండి. చాలా పాత పికప్‌లలో అది బండితో పాటు పుట్టిన టైరే అయి ఉంటుంది, పైగా మీ దానిలో అది 16 అంగుళాలదే అయితే 20 అంగుళాల చక్రాల పక్కన ఎత్తు కలవదు. దించే తాడు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే నూనె పోసి కదిలేలా చేయించండి, జాకీ, వీల్ స్పానరు సీటు వెనుక ఉన్నాయో లేదో చూసుకోండి.