రంగు వేయని చోటే ఇల్లు నిజం చెబుతుంది

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో 2004లో కట్టిన ఇల్లు కొనబోతున్నాం. కొత్త రంగులతో అంతా బాగుంది. ఇన్‌స్పెక్టర్ యాటిక్ కూడా చూడాలంటున్నారు. ఎవరూ ఉండని ఆ అటకలో చూడటానికి ఏముంటుందండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా చూడాలమ్మా. సీలింగ్ మీద మరక పడితే కొత్త రంగుతో కప్పేస్తారు. యాటిక్‌లో ఎవరూ రంగు వేయరు కాబట్టి, కప్పు కారిన గుర్తు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

పైకప్పు చెక్కల లోపలివైపు టార్చి వేయించండి. గొట్టాలు కప్పులోంచి పైకి వెళ్లేచోట నల్లటి చారలుంటే వాననీరు దిగుతున్నట్టే. గొట్టం చుట్టూ ఉండే రబ్బరు ఎండకు పగిలిపోవడం మామూలే. మేకుల మొనలన్నీ ఒకేలా తుప్పు పట్టాయంటే మాత్రం సాధారణంగా అది వాన పని కాదు, లోపల చేరిన తేమ. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టాన్ని బయటికి తీయకుండా అక్కడే వదిలేశారేమో, చూరు కింది గాలి రంధ్రాలను ఇన్సులేషన్ (వేడి లోపలికి దిగకుండా పరిచే దూదిలాంటి పొర) మూసేసిందేమో చూడాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఏసీ. మీ వైపు గాలిని చల్లబరిచే దాని కాయిల్ చాలా ఇళ్లలో యాటిక్‌లోనే ఉంటుంది. ఎండాకాలంలో రోజుకు కొన్ని గ్యాలన్ల నీరు వదులుతుంది. ఆ నీరు పోయే పైపు పాచి పట్టి పూడుకుపోతే కింది పళ్లెంలోకి పొంగుతుంది. పళ్లెం కూడా తుప్పు పట్టి చిల్లుపడి ఉంటే సీలింగ్ బోర్డు తడిసి ఊడిపడుతుంది. పళ్లెంలో నీరున్నా, ఎండిన నీటి గీతలున్నా ఇదివరకే పొంగిందన్నమాట. నీరు పెరగగానే ఏసీని ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఉందా అని అడగండి. పళ్లెం నుంచి వచ్చే రెండో పైపు చాలా ఇళ్లలో ఏదో కిటికీ పైన బయటికి తేలుతుంది. అక్కడ చుక్కలు పడుతుంటే అసలు పైపు పూడుకున్నట్టే.

ఇన్సులేషన్‌ను స్కేలు పెట్టి కొలవాలి. అది వేడిని ఎంత ఆపుతుందో ‘ఆర్’ అంకెతో చెబుతారు. యంత్రంతో ఊది పరిచిన ఫైబర్‌గ్లాస్ అంగుళానికి సుమారు ఆర్-2.5 ఇస్తుంది. ఆర్-38 కావాలంటే దాదాపు 15 అంగుళాలుండాలి. ఏడెనిమిదే ఉంటే కరెంటు బిల్లులో తెలుస్తుంది, కానీ అది తర్వాతైనా పోయించుకోవచ్చు. పైకప్పును మోసే చట్రం (ట్రస్) కర్రను ఎక్కడైనా కోసి ఉంటే అలా వదలకూడదు. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసేదాకా ముందుకెళ్లకండి.

ఇదంతా ఒప్పందంలో రాసుకున్న ఆప్షన్ గడువులోపే పూర్తికావాలి. ఆ రోజుల్లోనైతే మరమ్మతు అడగవచ్చు, ఏ కారణం చెప్పకుండా ఒప్పందం వదులుకోనూవచ్చు. మీరూ చూడాలనుకుంటే పొద్దున్నే వెళ్లి, నిచ్చెన మీద నిలబడే చూడండి. దూలాల మధ్య అడుగేస్తే సీలింగ్ బోర్డు మనిషి బరువు ఆపదు.