రందికి మందుందా?

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట దగ్గర ఒక తండా. నేను హన్మకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. రెండేళ్లు వరుసగా మిర్చి తోట దెబ్బతింది, అప్పు తీర్చడానికి బాపు హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. అప్పటి నుంచి మా యాడికి, అంటే అమ్మకు, నిద్ర లేదు. అన్నం పొయ్యి మీద పెట్టి పక్కనే కూర్చుని కూడా మరిచిపోతుంది, పోయిన నెల ఇంటికెళ్తే మూడు గిన్నెలు అడుగు మాడి నల్లగా ఉన్నాయి. తీజ్ పండుగకు తండా అంతా ఆడుతుంటే గడప దాటలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తర్వాత ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే, ఇరవై మంది వింటుండగా డాక్టర్ "మనసులో ఏమైనా బాధ ఉందామ్మా?" అని అడిగాడు, యాడి "కడుపులో మంట సార్" అంది, అంతే, రెండు నిమిషాల్లో చీటీ రాసిచ్చాడు. ఆ గోళీలు తొమ్మిది రోజులు వేసుకుని, పని చేయట్లేదని పెంటకుప్పలో పారేసింది. అమెరికాలో నల్లజాతివాళ్లు కూడా మనసు బాగోలేకపోతే చాలామంది డాక్టర్ దగ్గరికి వెళ్లరని మా లెక్చరర్ చెప్పారు. అంత డబ్బున్న దేశంలో ఎందుకలా? మాలాంటివాళ్లకు తెలివి లేకనేనా?

జవాబు: చెల్లె, ముందు ఒక పని చెయ్యి, మిగతాది తర్వాత చదువు. మిర్చికి కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఈరోజే ఎవరికైనా చెప్పి బయటికి తీయించు. తర్వాత యాడిని సూటిగా అడుగు, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, అలా జరగదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు దవాఖానకు తీసుకెళ్లాలి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు పలుకుతారు, మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ అది, పైసా ఖర్చు లేదు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక నీ ప్రశ్న. తెలివి లేక కానే కాదు, ఆ మాట నువ్వు రాయడమే నాకు బాధనిపించింది. బానిసత్వం నుంచి పారిపోవాలనుకోవడం ఒక మానసిక జబ్బు అని 1851లో కార్ట్‌రైట్ అనే అమెరికా డాక్టర్ రాశాడు, జబ్బుకు పేరు కూడా పెట్టాడు. సరే, అది పాత కథ అనుకుందాం. అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లకు వైద్యం చేస్తున్నామని నమ్మబలికి, అసలు చెయ్యకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. చేసింది సాక్షాత్తూ ప్రభుత్వ ఆరోగ్య శాఖ. మధ్యలో ఆ జబ్బును నయం చేసే పెన్సిలిన్ వచ్చినా ఇవ్వలేదు. ఇది విని పెరిగిన మనిషి ఆస్పత్రి మెట్లు ఎక్కేముందు నాలుగుసార్లు ఆలోచించడా? దానికి తోడు ఫీజులు, ఇన్సూరెన్స్ గొడవ, తమవాళ్లలో మానసిక డాక్టర్లు తక్కువ కావడం. అందుకే అక్కడ కొన్నిచోట్ల కటింగ్ షాపుల్లో పనిచేసేవాళ్లకు మనసు బాధ వినడంలో శిక్షణ ఇస్తున్నారు. తల వంచి కూర్చున్నవాడు ఎలాగూ మనసు విప్పుతాడు కదా.

మీ తండా కథ, వాళ్ల కథ ఒకటి కాదు. కానీ యాడి నోరు విప్పకపోవడానికి కారణాలు నీ ఉత్తరంలోనే ఉన్నాయి: ఇరవై మంది చెవులు, తనది కాని భాష, రెండు నిమిషాలు. ఇంకో మాట, ఆమె డాక్టర్‌కి అబద్ధం చెప్పలేదు. రంది, అంటే మనసును తొలిచే దిగులు, మనలో చాలామందికి కడుపులో మంటగా, తిమ్మిర్లుగా, గుండె దడగానే బయటపడుతుంది. జింబాబ్వేలో షోనా భాషలో దీన్ని "కుఫుంగిసిస" అంటారు, అంటే అతిగా ఆలోచించడం. మన రందికి అచ్చం తోబుట్టువులా ఉంది. అక్కడ డిక్సన్ చిబండా అనే సైకియాట్రిస్టు దగ్గర వైద్యం చేయించుకుంటున్న ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆస్పత్రికి రావడానికి బస్సు చార్జీలు లేక రాలేకపోయామని తల్లి చెప్పిందట. ఆయన 2006లో హరారేలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లతో అవ్వలు మాట్లాడతారు, సమస్యను ముక్కలు చేసి ఒక్కోదానికి దారి వెతుకుతారు, తమ చేతిలో లేని కేసును పైకి పంపుతారు. పరీక్షించి చూస్తే మామూలు వైద్యం అందినవాళ్లకంటే అవ్వలతో మాట్లాడినవాళ్లకే ఎక్కువ మేలు జరిగిందని 2016లో తేలింది.

కాబట్టి మీ తండాలో యాడికి అవ్వ ఎవరో చూడు. నువ్వు కాదు, బిడ్డ దగ్గర తల్లి దాస్తుంది. మిరపకాయ ఏరడానికి ఆమెతో కూడా వెళ్లే పెద్దమ్మ కావచ్చు, మీ ఆశా వర్కర్ కావచ్చు. ఆమెనే తోడు తీసుకుని వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వ్యాధుల ఓపీకి వెళ్లండి. పాత చీటీ దొరికితే పట్టుకెళ్లు. డాక్టర్‌ని ముందే అడుగు, "సార్, అందరి ముందు కాకుండా అడగండి" అని. చికిత్స వివరాలు రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, మొహమాటపడకు. నువ్వు మధ్యలో ఉండి తెలుగులోకి మార్చేటప్పుడు మాత్రం నీ సొంత తెలివి కలపకు. ఆమె కడుపులో మంట అంటే కడుపులో మంటే అని చెప్పు, నిద్ర సంగతీ మాడిన గిన్నెల సంగతీ నువ్వు చెప్పు. రక్తం, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించమను, అవి తేడాగా ఉన్నా మనిషి ఇలాగే నీరసపడుతుంది. యాడి పారేసినవి డిప్రెషన్ గోళీలే అయితే వాటికి తొమ్మిది రోజులు చాలవు, గుణం కనపడటానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈ ముక్క ఆ డాక్టర్ చెప్పి ఉంటే పెంటకుప్పలో పడేవి కావు! ఈసారి డాక్టర్‌ని అడగకుండా మధ్యలో ఆపనివ్వకు.

తాయెత్తు ఉంటే ఉండనీ, దాంతో నీకేం పేచీ.

బాపుకి ఈరోజే ఫోన్ చెయ్యి. అప్పు ముచ్చట వద్దు, ఆ మూడు గిన్నెల సంగతి చెప్పు.